కొలబద్ద మారితే కొండెక్కినట్టా?

జపాన్ దేశంలో, యొకొహామా నగరంలో ఒక టెలివిజన్ స్టూడియో ఉంది. దాని పేరు మిదొరియామా. జపాన్ భాషలో మిదొరి అంటే పచ్చ, యామా అంటే కొండ. పచ్చకొండ అన్నమాట. ఆ ఆవరణలో ఇనుప చట్రాలు, తాళ్ళు, ఊగే పలకలు, కింద నీటి గుంటలు పెట్టి ఒక అడ్డంకుల బాట కడతారు. దాని మీద జరిగే పోటీ పేరు ‘సాసుకె’. అక్కడి పిల్లల కథల్లో సరుతొబి సాసుకె అనే నింజా వీరుడున్నాడు. కోతిలా దూకడం అతని విద్య. ఆ పేరే పోటీకి పెట్టారు. మొదటి పోటీ 1997లో ఒక హాలులో జరిగింది. రెండోసారి నుంచి పచ్చకొండకు చేరింది. మీలో కొందరు ‘తకేషీ కోట’ చూసి పగలబడి నవ్వి ఉంటారు. 1986 నుంచి 1990 దాకా తీసిన ఆ తమాషా కూడా ఈ ఆవరణలోనే తీశారు. తకేషీ కోటలో మనుషులు పడిపోతే నవ్వుతాం. సాసుకెలో పడిపోతే ‘అయ్యో’ అంటాం. నీళ్ళు అవే, పడడం అదే. మరి ఈ తేడా ఎక్కడిది?

సాసుకెలో సాధారణంగా 100 మంది పాల్గొంటారు. వీరిలో ఎవరికెవరూ ప్రత్యర్థులు కారు. ఒకరి తరవాత ఒకరు వెళ్తారు. బాట నాలుగు అంచెలు. మొదటి అంచె దాటినవారికి రెండోది, అది దాటినవారికి మూడోది. నాలుగోది ఒక బురుజు. దాని మీది నుంచి వేలాడే తాడు పట్టుకుని గడువులోగా పైకి ఎక్కి మీట నొక్కాలి. నొక్కినవాడు గెలిచినట్టు. ముగ్గురు నొక్కితే ముగ్గురూ గెలిచినట్టే. ఎవరూ నొక్కకపోతే ఎవరూ గెలవనట్టే. 1997 నుంచి 2020 దాకా 38 పోటీలు జరిగితే, ఆ మీట చేరగలిగినవారు నలుగురే, అదీ మొత్తం ఆరుసార్లే. 1999లో అకియామా. ఆయన చూపు మందం, అంతకుముందు పీతల పడవ మీద పనిచేశాడు. 2006లో నగానొ, చేపల పడవ నడిపేవాడు. చెప్పుల దుకాణంలో పనిచేసే ఉరుషిహారా 2010లోనూ 2011లోనూ గెలిచాడు. 2015లో విద్యార్థిగా ఉండగా ఒకసారి, 2020లో మరోసారి మొరిమొతొ గెలిచాడు. మిగిలిన వేలమందినీ బాటే ఓడించింది.

ఇన్నేళ్ళుగా సాగుతున్న ఇలాంటి పోటీ ఏదో ఒకనాడు ముగుస్తుంది. అది ఎలా ముగిస్తే మనకు అన్నిటికంటే ఎక్కువ నిరాశ కలుగుతుంది? ఈ ప్రశ్నను మా తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చాను. సైన్సు పీరియడులో ఇదేం ప్రశ్న అనకండి, సంగతి తరవాత మీకే తెలుస్తుంది. ‘ఎవరూ గెలవకుండా ఆగిపోతే’ అన్నారు చాలామంది. ‘అందరూ గెలిచేస్తే’ అన్నారు కొందరు. ‘మోసం చేసి గెలిస్తే’ అంది ఒకమ్మాయి. మోసం సంగతి పక్కన పెడదాం. అది బయటపడుతుంది, కోపం వస్తుంది, తేలిపోతుంది. కోపం వేరు, నిరాశ వేరు.

మొదటి జవాబు చూద్దాం. ఎవరూ గెలవకుండా ఆగిపోవడం నిజంగా నిరాశేనా? సాసుకె ఒకసారి దాదాపు ఆగిపోయింది. 2011 నవంబరులో దాన్ని తయారుచేసే సంస్థ దివాలా తీసింది. ఏడాదికి పైగా పోటీ లేదు. 2012 డిసెంబరులో మళ్ళీ మొదలైంది. అది మొదలు కాకపోయి ఉంటే, కత్సుమి యమదా అనే ఆయన కథ అంతటితో సగంలో ఉండిపోయేది. ఈ యమదా ఆ పోటీ కోసం తన ఇంటి దగ్గరే అడ్డంకుల నమూనాలు కట్టుకుని సాధన చేసినవాడు. 1999లో మూడో పోటీలో ఒకే ఒక్కసారి ఆఖరి తాడుదాకా వచ్చాడు. ఆ తరవాత ఎన్నిసార్లు వచ్చినా తాడు దగ్గరికి చేరలేకపోయాడు. విచారించవలసిన కథే. కాని నిరాశపడవలసిన కథ అని నేననను. ఎడ్మండ్ హేలీ తన తోకచుక్క మళ్ళీ వస్తుందని లెక్క కట్టి, అది రాకముందే 1742లో చనిపోయాడు. 1758లో అది వచ్చింది. హేలీ చూడలేదు కాబట్టి ఆ లెక్క వ్యర్థమైందని ఎవరైనా అంటారా? ఎక్కలేకపోయిన కొండ కొండగానే ఉంటుంది. ప్రశ్న నిలిచి ఉన్నంతకాలం నిరాశకు చోటు లేదు.

రెండో జవాబు కొంచెం లోతైనది. అందరూ గెలిచేలా బాటను తేలిక చేస్తే? ఇక్కడ మనం కాగితం, పెన్సిలు తీసుకోవాలి.

2000లో అయిదో పోటీ నుంచి మొదటి అంచెలో ఒక వంపు గోడ పెట్టారు. కింద పల్లంగా మొదలై పైకి పోయేకొద్దీ నిలువై, చివర కాస్త మన మీదికే వాలినట్టుంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చి, గోడ మీద నాలుగడుగులు వేసి, పై అంచు పట్టుకోవాలి. అమెరికాలో 2009లో మొదలైన ‘అమెరికన్ నింజా వారియర్’ పోటీలో ఈ గోడ ఎత్తు చాలాకాలం 14 అడుగులు, అంటే 4.27 మీటర్లు. 178 సెంటీమీటర్ల పొడవున్న మనిషి చెయ్యెత్తి నిలబడితే సుమారు 2.25 మీటర్లు అందుతాయి. ఇంకా 2 మీటర్ల పైచిలుకు మిగిలింది. ఆ ఎత్తుకు శరీరాన్ని లేపేది ఏది? అతని పరుగు. గతిజశక్తి స్థితిజశక్తిగా మారాలి. మీరు చదువుకున్నదే: వేగం వర్గం అంటే గురుత్వ త్వరణాన్నీ ఎత్తునూ హెచ్చించి రెండింతలు చేసిన సంఖ్య. లెక్క కడితే సెకనుకు 6.3 మీటర్లు వస్తుంది. నిజానికి గోడ మీద వేసే అడుగుల వల్ల కాస్త శక్తి కలుస్తుంది, మలుపు దగ్గర కాస్త పోతుంది. అయినా ఈ లెక్క మనకు చాలు.

ఇప్పుడు 152 సెంటీమీటర్ల మనిషిని తీసుకోండి. చెయ్యెత్తితే సుమారు 1.9 మీటర్లు. కావలసిన వేగం సెకనుకు 6.8 మీటర్లు. పొట్టివాళ్ళు పొడుగువాళ్ళకంటే ఎక్కువ వేగంగా పరుగెత్తాలి! 2014లో డల్లాస్ నగరంలో కేసీ కాటంజారో అనే యువతి ఈ గోడ ఎక్కింది. ఆ కార్యక్రమంలో ఈ గోడ ఎక్కిన మొదటి స్త్రీ ఆవిడే. ఆమె ఎత్తు అయిదడుగులు. ఆ రోజు జనం అంతగా ఎందుకు అరిచారో ఈ లెక్క చేసినవాడికి మరింత బాగా అర్థమవుతుంది.

సరే, ఆ గోడను రాత్రికి రాత్రి ఒక్క అడుగు తగ్గించారనుకోండి. టీవీలో చూసే మనకు తెలుస్తుందా? తెలియదు. కాని మన 178 సెంటీమీటర్ల మనిషికి ఇప్పుడు సెకనుకు 5.8 మీటర్లు చాలు. నిన్న నీళ్ళలో పడినవాడు ఇవాళ గోడ మీద నిలబడి చేతులూపుతాడు. వాడి కాళ్ళు మారలేదు, గోడ మారింది. పాపం, ఆ సంగతి వాడికీ తెలియదు. ఇదే నాకు భయం కలిగించేది. తేలిక చేయడం ఎప్పుడూ దండోరా వేసి జరగదు.

సాసుకెవాళ్ళు ఈ పని చేయలేదు. వాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు పని చేశారు. ఎవరైనా మీట నొక్కిన ప్రతిసారీ బాటను కొత్తగా, ఇంకా కఠినంగా కట్టారు. అకియామా గెలిచాక వచ్చిందే ఆ వంపు గోడ. ఆ దెబ్బకు అయిదో పోటీలో చాలామంది మొదటి అంచెలోనే నీళ్ళపాలయ్యారు. మూడో అంచెలోని చూరు వేలాట కూడా అంతే. గోడకు వేలి మందం చూరు ఉంటుంది. దానికి వేళ్ళ కొసలతో వేలాడుతూ పక్కకు జరగాలి. ఒకప్పుడు ఒకే ఎత్తులో ఉన్న చూరు తరవాత ఎగుడుదిగుడైంది. ఆ తరవాత ఒక చూరు వదిలి, గాలిలో దూకి, ఇంకో చూరు పట్టుకోవలసి వచ్చింది.

ఈ మూడో అంచెకు గడువు లేదు. ఎంతసేపైనా తీసుకోవచ్చు. అబ్బ, ఎంత సులువు అనుకునేరు! మీ బడి ఆవరణలో బారు ఉంటే ఒక్క నిమిషం వేలాడి చూడండి. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు ముంజేతి కండరాలు తమలోని రక్తనాళాలను తామే నొక్కేస్తాయి. రక్తం సరిగా రాదు, ప్రాణవాయువు అందదు, చెయ్యి రాయిలా బిగుసుకుపోతుంది. అందుకే ఆ పోటీదారులు చోటు దొరికినప్పుడల్లా ఒక చేత్తో వేలాడుతూ రెండో చేతిని విదిలిస్తారు. ఆ విదిలింపు అలసట తీర్చుకోవడానికే కాదు, రక్తానికి దారి ఇవ్వడానికి. ఇక్కడ గడువు పెట్టనక్కరలేదు. గడియారం వాళ్ళ ముంజేతిలోనే ఉంది.

ఇంకో మాట. ఇక్కడ కండలు తిరిగిన భీముళ్ళు తరచు ఓడిపోతారు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. మనిషి అన్ని వైపులా రెట్టింపు పెరిగాడనుకోండి, బలం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు. చీమ తనకంటే ఎన్నో రెట్ల బరువు మోయడంలో ఉన్న రహస్యం ఇదే. 2021లో అమెరికా పోటీలో వయసు పరిమితిని 15 ఏళ్ళకు తగ్గించారు. ఆ ఏడే 15 ఏళ్ళ కుర్రవాడొకడు ఆఖరి తాడుదాకా వచ్చేశాడు. మీ ఈడువాడే!

ఇక నా జవాబు.

అమెరికా పోటీ మొదలైన 2009 నుంచి 2014 దాకా ఒక్కరు కూడా ఆఖరి మీట నొక్కలేదు. 2015లో లాస్‌వేగస్ నగరంలో ఒకే రాత్రి ఇద్దరు నొక్కారు. తాడు పొడవు 75 అడుగులు, అంటే 22.9 మీటర్లు. గడువు 30 సెకండ్లు. మొదట జెఫ్ బ్రిటన్ ఎక్కాడు. 29.65 సెకండ్లు పట్టింది. ఆ దేశంలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. తరవాత ఐజాక్ కాల్డియెరో ఎక్కాడు. 26.14 సెకండ్లు. దీన్ని కూడా లెక్క కట్టండి. 65 కిలోల మనిషి 22.9 మీటర్లు ఎక్కితే చేసే పని సుమారు 14,600 జౌళ్ళు. 26.14 సెకండ్లలో చేస్తే సామర్థ్యం సుమారు 560 వాట్లు. 29.65 సెకండ్లలో చేస్తే సుమారు 490. మన ఇళ్ళలో 75 వాట్ల పాత సీలింగు ఫ్యానులుంటాయే, అలాంటివి ఒకడు దాదాపు ఏడున్నరను తిప్పినంత పని, ఇంకొకడు ఆరున్నరను తిప్పినంత పని!

బహుమతి పది లక్షల డాలర్లు. మొత్తం కాల్డియెరోకు వెళ్ళింది. బ్రిటన్‌కు డబ్బు ఏమీ రాలేదు. నిబంధన ముందే ఉంది, అన్యాయం జరిగిందని నేననను. కాల్డియెరో వేగంగా ఎక్కిన మాట నిజం. కాని ఆ 30 సెకండ్లు ఏమిటో ఆలోచించండి. అప్పటిదాకా అది కొండ ఎత్తులో ఒక భాగం. దాటావా లేదా, అంతే. ఆ రాత్రి అది ఇద్దరు మనుషుల మధ్య పందెమైంది. కొండను కొలిచే కొలబద్ద మనిషిని మనిషితో పోల్చే కొలబద్దగా మారింది. తరవాత 2025లో ఆ కార్యక్రమం ఇంకో అడుగు వేసింది. చివరి ఘట్టంలో విజేతను తాడు ఎక్కించి కాక, ఇద్దరిద్దరిని పక్కపక్క బాటల మీద పరుగెత్తించి తేల్చారు.

నా దృష్టిలో అన్నిటికంటే నిరాశ కలిగించే ముగింపు ఇదే. పేరు అదే, వంపు గోడ అదే, నీళ్ళు అవే, జనం కేకలు అవే. కొండ మాత్రం లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారే, అలాగ. పోటీ ఆగిపోయి ఉంటే మనం ‘అయ్యో ఆగిపోయింది’ అనుకునేవాళ్ళం. ఇలా ముగిస్తే, ముగిసినట్టే ఎవరికీ తెలియదు. పందెంలో ఎవరో ఒకరు గెలవక తప్పదు. నత్తలకు పందెం పెట్టినా ఒక నత్త గెలుస్తుంది. కొండ దగ్గర అలా కాదు. ఎవరూ గెలవకపోవడానికి అక్కడ వీలుంది. అందుకే అక్కడ గెలుపుకు బరువుంది.

మీలో పరుగు పందాలంటే ఇష్టపడేవారికి ఈపాటికి కోపం వచ్చి ఉంటుంది. ‘ఏం మాస్టారూ, నూరు మీటర్ల పరుగు గొప్పది కాదా? అది మనిషికీ మనిషికీ పందెమే కదా?’ అని అడుగుతారు. గొప్పదే. కాని అక్కడ పక్కవాడితో పాటు గడియారం కూడా ఉంది. నూరు మీటర్లు ఊరు మారినా, ఏడు మారినా నూరు మీటర్లే. 1936లో పరుగెత్తినవాడినీ ఇవాళ పరుగెత్తేవాడినీ మీరు పోల్చగలరు. బాట ఏటా మారుతూ, పక్కవాడు ఒక్కడే కొలతైనప్పుడు, ఈ ఏటి విజేత నిరుటి విజేతకంటే మేలో కాదో చెప్పడానికి ఆధారమే ఉండదు. ఇద్దరిద్దరి పందెం చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. టీవీ వాళ్ళు దాన్ని కోరుకోవడానికి కారణం అదే. ప్రతి ఏడూ ఒక విజేత తప్పకుండా దొరుకుతాడు, చివర కాగితప్పూల వాన కురిపించవచ్చు. ఎవరూ గెలవని ఏడు ఆ పూలన్నీ సంచుల్లోనే ఉండిపోతాయి మరి.

ఈ తేడా ఖనిజాల పాఠంలో మీకు ఎదురయ్యే ఉంటుంది. మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1812లో ఖనిజాల కాఠిన్యానికి ఒక వరస పెట్టాడు. ఏది దేన్ని గీరగలదో చూడడమే పద్ధతి. టాల్కు 1, క్వార్ట్జు 7, కురువిందం 9, వజ్రం 10. చాలా ఉపయోగమైన వరస, జేబులో పెట్టుకు తిరగవచ్చు. కాని 9కీ 10కీ మధ్య తేడా 1 అని నమ్మితే మోసపోతాం. పరికరాలతో నొక్కి కొలిస్తే వజ్రం కురువిందానికి దాదాపు నాలుగు రెట్లు గట్టిది. వరస చెప్పేది ఎవరి తరవాత ఎవరు అనే ఒక్క మాటే. ఎంత దూరం అన్నది చెప్పదు. మొత్తం రాళ్ళన్నీ మెత్తబడిపోయినా వరస మాత్రం చెక్కు చెదరదు. ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పుకునే పిల్లలను నేను ‘ఏ లెక్క వచ్చు? ఏది రాదు?’ అని అడుగుతాను. వాళ్ళకు అది నచ్చదు. వాళ్ళ అమ్మానాన్నలకు అసలే నచ్చదు.

2015 రాత్రి సంగతికి మళ్ళీ వస్తే, నాకు బ్రిటన్ మీద జాలి లేదు. ఆయన ఎక్కిన ఎత్తు ఎవరూ తీసివేయలేనిది. 65 కిలోల మనిషి లెక్కన 22.9 మీటర్లు, 14,600 జౌళ్ళు. పక్కవాడు ఎంత వేగంగా ఎక్కినా ఈ సంఖ్యల్లో ఒక్క అంకె కూడా తగ్గదు. చెక్కు మీద ఎవరి పేరు రాశారన్నది వేరే లెక్క.

ఇప్పుడు కొత్త సంగతి ఒకటి. ఈ అడ్డంకుల బాట ఒలింపిక్ క్రీడల్లోకి వస్తోంది. మోడర్న్ పెంటాథ్లాన్ అనే పోటీలో అయిదు విద్యలుంటాయి. అందులో గుర్రపు స్వారీ ఒకటిగా ఉండేది. 2021లో టోక్యోలో ఒక గుర్రం మొరాయించడం, దాన్ని కొట్టడం చూసి లోకమంతా నొచ్చుకుంది. స్వారీని తీసేసి, దాని స్థానంలో ఈ నింజా తరహా అడ్డంకుల పరుగు పెట్టాలని నిర్ణయించారు. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలకు దీన్ని ఖాయం చేసింది. ఇక్కడ కూడా ఇద్దరిద్దరు పక్కపక్కనే పరుగెడతారు. కాని పాయింట్లు వచ్చేది పక్కవాణ్ణి మించినందుకు కాదు. తనకు పట్టిన కాలాన్ని బట్టి వస్తాయి. పక్కన పరుగెత్తేవాడు కాలు జారి పడినా మన పాయింట్లు పెరగవు. చూడ్డానికి పందెం, లెక్కకు కొండ. రెండూ ఒకచోట పొసగుతాయో లేదో చూడాలి. నాకు కాస్త ఆశగానే ఉంది.

2028 జులైలో ఆ పోటీ చూసేటప్పుడు, అక్కడి గోడ ఎత్తు ఎంతో ముందు కనుక్కుని కాగితం మీద రాసుకోండి. బడి గోడ పక్కన నిలబడి, చెయ్యెత్తి, సుద్దముక్కతో గీత గీసి, మీకు అందే ఎత్తు కొలుచుకోండి. ఒకదానిలోంచి ఒకటి తీసేసి కావలసిన వేగం కట్టండి. ఆ తరవాత మైదానంలో ఇరవై మీటర్లు గుర్తు పెట్టి, ఎవరినైనా గడియారం పట్టుకోమని, పరుగెత్తి చూడండి. పక్కన ఎవరూ పరుగెత్తనక్కరలేదు.